బొంత మీద కుట్టు ఎందుకు తప్పుతుంది?

రెండు పాత నూలు చీరలు, వాటి మధ్య పలుచటి దూది షీటు. మూడింటినీ పిన్నులతో కలిపి మిషన్ మీద బొంత కుట్టడం మొదలుపెడితే మొదటి జానెడు చక్కగా వస్తుంది. ఆ తర్వాత ఎక్కడో ఒక కుట్టు మామూలుకి రెట్టింపు పొడవు పడుతుంది. నాలుగు కుట్లు బాగానే పడి, మళ్లీ ఒకటి పొడవు. వేలితో తడిమితే ఆ చోట దారం వదులుగా తగులుతుంది. గోరు తగిలితే చాలు, పైకి లేచి వస్తుంది. ఇదే మిషన్ మీద పొద్దున జాకెట్టు కుట్టినప్పుడు ఏ గొడవా లేదు. అప్పుడు చాలామంది చెయ్యి నేరుగా పై దారం బిగువు సవరించే టెన్షన్ మర మీదికి పోతుంది. బిగిస్తే తగ్గదు. వదులు చేస్తే కింద దారం గుబురు కడుతుంది. అరగంట గడిచేసరికి బాగున్న టెన్షన్ కూడా పాడైపోతుంది, కుట్టు మాత్రం తప్పుతూనే ఉంటుంది.

నిజానికి కుట్టు తప్పడంలో టెన్షన్ పాత్ర చాలా తక్కువ. అసలు సంగతంతా సూది కన్నం దగ్గర, రెప్పపాటులో ఏర్పడి మాయమయ్యే చిన్న దారపు లూపుది. ఆ లూపు, గుడ్డ కింద తిరుగుతూ దారాన్ని అందుకునే షటిల్‌కి అందితే కుట్టు పడుతుంది, అందకపోతే తప్పుతుంది. బొంత మందం ఆ లూపుని ఎలా ఇబ్బంది పెడుతుందో ఒకసారి అర్థమైతే, కుట్టు ఏ చోట తప్పిందో చూసి కారణం ఏదో చాలావరకు చెప్పెయ్యొచ్చు. మర తిప్పే ముందు గుడ్డని చూడటం నేర్చుకోవాలి.

అన్నిటికంటే ముందు, తప్పింది నిజంగా కుట్టేనా అన్నది తేల్చుకోవాలి. గుడ్డని ముందుకి లాగే పళ్ళు దించేసి, గుడ్డని చేత్తో తిప్పుతూ పూలూ తీగలూ కుట్టేటప్పుడు చెయ్యి ఒక్కసారి వేగంగా కదిలితే కుట్టు పొడుగ్గా పడుతుంది. అది తప్పిన కుట్టు కాదు, చెయ్యి తొందర. రెండిటికీ తేడా కనిపెట్టడం తేలిక. అనుమానం ఉన్న చోట గుడ్డని రెండు వేళ్ళతో సాగదీసి కిటికీ వెలుతురుకి ఎదురుగా పెట్టాలి. పొడవు కుట్టు మధ్యలో, దారం లేని ఖాళీ సూది బెజ్జం ఒకటి కనిపిస్తే అక్కడ సూది దిగింది, ముడి మాత్రం పడలేదు. అంటే కుట్టు తప్పింది. బెజ్జం లేకపోతే సూది అసలు అక్కడ దిగనే లేదు, చెయ్యి దాటించేసింది. చీర గుడ్డ పలుచన కాబట్టి ఈ పరీక్ష బొంత మీద బాగా పనికొస్తుంది. గుడ్డ ముదురు రంగుదైతే తిరగేసి చూడాలి. తప్పిన చోట కింద బాబిన్ (అడుగు దారం చుట్టే చిన్న రీలు) దారం బెజ్జం మీదుగా తిన్నగా, దేన్నీ పట్టుకోకుండా వెళ్ళిపోతూ ఉంటుంది.

లూపు పుట్టే చోటు

చేత్తో బొంత కుట్టేవాళ్ళకి ఈ కష్టం ఎప్పుడూ లేదు. చేతి సూదికి కన్నం వెనకాల ఉంటుంది. సూది మొత్తం గుడ్డలోంచి అవతలికి పోయి, తోకలా దారాన్ని వెంట లాక్కుపోతుంది. ఎన్ని పొరలున్నా సూది దాటిందంటే దారం దాటినట్టే. మిషన్ సూది అలా కాదు. దాని కన్నం మొన దగ్గరే ఉంటుంది. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్ పేటెంటు పొందిన మిషన్‌లో ఉన్న కీలకమైన జత ఇదే: మొన దగ్గర కన్నం ఉన్న సూది, దాని కింద తిరుగాడే షటిల్. మిషన్ సూది గుడ్డని పూర్తిగా దాటదు. కిందికి దిగి, దారాన్ని చూపించి, వెనక్కి వచ్చేస్తుంది. ఆ చూపించిన దారాన్ని షటిల్ అందుకోవాలి.

ఎలా అందుకుంటుందో కళ్ళారా చూడటానికి పది నిమిషాలు చాలు. మిషన్ ప్లేటు పక్కనున్న జారుడు మూత తెరిచి, సెల్‌ఫోన్ టార్చి లోపలికి వేసి, చేతి చక్రాన్ని మెల్లగా మనవైపు తిప్పాలి. సూది పూర్తిగా అడుగుకి దిగినప్పుడు దారం దానికి రెండు పక్కలా అతుక్కుని ఉంటుంది. లూపు ఇంకా లేదు. చక్రం మరికాస్త తిప్పితే సూది పైకి లేవడం మొదలవుతుంది. రెండు, రెండున్నర మిల్లీమీటర్లు లేచేసరికి సూదికి ఒక పక్క దారం ఉబ్బి, బియ్యపు గింజంత ఉచ్చులా బయటికి వస్తుంది. ఆ క్షణానికే షటిల్ ముక్కు అక్కడికి చేరి, ఆ ఉచ్చులో దూరి, దారాన్ని బాబిన్ చుట్టూ తిప్పుకుపోతుంది. ముక్కుకీ సూదికీ మధ్య ఉండాల్సిన సందు మిల్లీమీటర్లో పదో వంతు, లేదా అంతకన్నా తక్కువ. మామూలు తెల్లకాగితం మందం అంత. నిమిషానికి 800 కుట్లు వేసే మిషన్‌లో ఒక కుట్టు మొత్తానికి పట్టేది సెకనులో పదమూడో వంతు. అందులో లూపు నిలబడి ఉండే వ్యవధి ఇంకా చిన్న ముక్క. ఇంత సున్నితమైన పని గంటకి వేలసార్లు తప్పకుండా జరగడమే ఆశ్చర్యం అనిపిస్తుంది.

దారం ఒక పక్కనే ఎందుకు ఉబ్బుతుంది? సూదిని వెలుతురులో పట్టుకుని చూస్తే తెలుస్తుంది. ఒక పక్క పైనుంచి కన్నం దాకా పొడవాటి గాడి ఉంటుంది. దిగేటప్పుడు దారం ఆ గాడిలో ఒదిగి, గుడ్డ రాపిడి తగలకుండా జారుతుంది. రెండో పక్క గాడి లేదు. కన్నానికి కాస్త పైన చిన్న లొత్తు మాత్రం ఉంటుంది. గాడి లేని పక్క దారాన్ని గుడ్డ నొక్కి పట్టుకుంటుంది. సూది పైకి లేస్తున్నా ఆ దారం వెంటనే పైకి రాలేదు. పైకి రాలేని దారం పక్కకి ఉబ్బుతుంది. లూపు అంటే అదే. అంటే లూపుని తయారు చేసేది సూది ఒక్కటే కాదు, గుడ్డ కూడా. దారాన్ని ఆ క్షణంలో గట్టిగా పట్టుకుని, కదలకుండా ప్లేటు మీద కూర్చోవాల్సిన బాధ్యత గుడ్డది. ఈ మాట పట్టుకుంటే బొంత కష్టం సగం అర్థమైపోతుంది.

బొంత ఎందుకు మొండికేస్తుంది

జాకెట్టు గుడ్డ రెండు పొరలు కలిపినా ప్లేటుకి అతుక్కుని ఉంటుంది. బొంత అలా ఉండదు. మధ్యలో దూది మెత్తగా స్ప్రింగులా పనిచేస్తుంది. సూది దిగేటప్పుడు అణుగుతుంది, లేచేటప్పుడు సూదిని పట్టుకుని తనూ లేస్తుంది. సూదితోపాటు గుడ్డ కూడా రెండు మిల్లీమీటర్లు పైకి లేచిందనుకుంటే, గుడ్డకీ సూదికీ మధ్య కదలిక లేనట్టే. కదలిక లేకపోతే దారం ఉబ్బదు. లూపు రాదు, లేదా దారం వెంట్రుకంత సందే ఇస్తుంది. షటిల్ ముక్కు దాని పక్కనుంచి వెళ్ళిపోతుంది. బొంత మీద తప్పే కుట్లలో ఎక్కువ భాగానికి మూలం ఈ గుడ్డ ఎగరడమే. టెన్షన్ ఎంత తిప్పినా గుడ్డ ఎగరడం ఆగదు కదా.

ఇక్కడ మన దగ్గర మిషన్ ఎంబ్రాయిడరీ చేసేవాళ్ళ పద్ధతి ఒకటి గుర్తు చేసుకోవాలి. వాళ్ళలో చాలామంది గుడ్డని నొక్కి పట్టే ఫుట్ తీసేసి, గుడ్డని రింగులో బిగించి, చేత్తో రింగుని తిప్పుతూ కుడతారు. ఫుట్ లేకుండానే కుట్టు తప్పదు. రింగులో గుడ్డ డప్పులా బిగిసి, ప్లేటుకి ఆని ఉంటుంది కాబట్టి సూదితో పైకి లేవదు. అదే చేతివాటంతో బొంతకి దిగి, ఫుట్ లేకుండా మూడు పొరలు కుట్టబోతే కుట్లు వరసగా తప్పుతాయి. పనితనం తగ్గలేదు, రింగు చేసే పని ఇక్కడ ఎవరూ చెయ్యడం లేదు, అంతే. అందుకే బొంత మీద చేత్తో తిప్పి కుట్టేటప్పుడు డార్నింగ్ ఫుట్ పెట్టుకోవాలి. గుండ్రటి కొసతో, స్ప్రింగు ఉండి, సూది లేచే సమయానికి గుడ్డని నొక్కి పట్టే ఫుట్ ఇది. దాని ఎత్తు ముఖ్యం. సూది అడుగున ఉన్నప్పుడు ఫుట్ కొస బొంతని తాకుతూ, చెయ్యి కదిపితే గుడ్డ జారేలా ఉండాలి. గుడ్డకీ ఫుట్‌కీ మధ్య వెలుతురు కనిపిస్తే అది ఫుట్ ఉన్నా లేనట్టే. ఫుట్ ఏదైనా, అసలు లేకపోయినా, ఫుట్ దించే మీట మాత్రం కిందికి దించి తీరాలి. మీట పైన ఉంటే టెన్షన్ పలకలు విడిపోయి పై దారానికి పట్టు ఉండదు.

తిన్నగా గీతలు కుట్టేవాళ్ళకి వాకింగ్ ఫుట్ మంచి సాయం. కింద పళ్ళు లాగినట్టే పైన కూడా పళ్ళు లాగుతాయి కాబట్టి పొరలు జారవు, గుడ్డ నొక్కుడు కూడా బాగుంటుంది. అది లేకపోతే ఫుట్ కడ్డీ పైనున్న మరను ఒకటి రెండు చుట్లు బిగించి చూడొచ్చు. మరీ బిగిస్తే పై చీర ముందుకి జరిగి ముడతలు పడుతుంది. జిగ్‌జాగ్ మిషన్ అయితే ప్లేటు కూడా చూసుకోవాలి. జిగ్‌జాగ్ ప్లేటులో సూది బెజ్జం అడ్డంగా వెడల్పుగా ఉంటుంది. మెత్తటి బొంత ఆ వెడల్పులోకి సూదితోపాటు దిగబడి, మళ్ళీ పైకి ఎగురుతుంది. ఒకే గుండ్రటి బెజ్జం ఉన్న ప్లేటు మారిస్తే గుడ్డకి చుట్టూ ఆధారం దొరుకుతుంది. ఆ ప్లేటుతో పొరపాటున జిగ్‌జాగ్ వేస్తే సూది విరుగుతుంది, అది మరిచిపోకూడదు. తిన్నని కుట్టు మాత్రమే వేసే పాత నల్ల మిషన్లకి చిన్న బెజ్జమే ఉంటుంది. ఈ ఒక్క విషయంలో అవి ఖరీదైన కొత్త మిషన్ల కంటే బొంతకి అనువైనవి.

ఎక్కడ తప్పింది?

తప్పిన కుట్లు చెదురుమదురుగా ఉన్నట్టు అనిపిస్తాయి గానీ, ఒక చదరపు అడుగు బొంతని తీరుబాటుగా చూస్తే వాటికో వరస దొరుకుతుంది. ముక్కలు కలిపి కుట్టిన బొంతలో అతుకుల దగ్గరే తప్పుతుంటే కారణం దాదాపు ఖాయం. అతుకు దగ్గర నాలుగు, ఆరు మడతలు ఒకచోట చేరతాయి. ఫుట్ ఆ గట్టు ఎక్కేటప్పుడు ముందు భాగం లేచి వంకరగా నిలబడుతుంది. వెనక భాగం గాలిలో ఉంటుంది. సూది చుట్టూ గుడ్డని నొక్కేవాళ్ళు లేరు. అప్పుడు చెయ్యాల్సింది మిషన్ మరమ్మతు కాదు. ఫుట్ గట్టు ఎక్కే చోట ఆగి, ఫుట్ వెనక కింద అంతే మందం ఉండేలా ఒక గుడ్డ ముక్క మడిచి పెట్టి, ఫుట్‌ని మట్టంగా నిలబెట్టి, ఆ మూడు నాలుగు కుట్లు చేతి చక్రంతో వెయ్యాలి. ముక్కలు కలిపేటప్పుడే మడతల్ని ఇరుపక్కలకీ విప్పి ఇస్త్రీ చేసుకుంటే గట్టు సగానికి తగ్గుతుంది. పెద్ద అంచు చీరల్లో, జరీ ఉన్న చోట కూడా ఇదే గొడవ. జరీ అంచుని బొంతలోకి తీసుకోకుండా కత్తిరించి పక్కన పెట్టడమే మేలు.

చేత్తో తిప్పి కుట్టేటప్పుడు మరో తీరు కనిపిస్తుంది. గుండ్రటి సున్నా కుడితే మూడు వంతులు చక్కగా వచ్చి, ఒక పక్క మాత్రమే కుట్లు తప్పుతాయి. ప్రతి సున్నాలోనూ అదే పక్క. ఇది చూసి మిషన్ పాడైందని అనుకుంటారు. కానీ ఇది సూది వంగడం. సూది గుడ్డలో దిగి ఉన్నప్పుడే చెయ్యి గుడ్డని లాగితే, గుడ్డ సూదిని తనతో లాక్కుపోతుంది. షటిల్ ఉన్న వైపుకి వంగితే ముక్కు సూదికి తగిలి టక్కుమంటుంది, ఒక్కోసారి సూది విరుగుతుంది. షటిల్‌కి దూరంగా వంగితే కాగితమంత ఉండాల్సిన సందు పెద్దదైపోయి ముక్కు లూపుని దాటి వెళ్ళిపోతుంది. అందుకే ఒక దిక్కులో మాత్రమే తప్పుతుంది. బొంత బరువు కూడా ఇదే పని చేస్తుంది. డబుల్ కాట్ బొంత సగం బల్ల అంచు నుంచి కిందికి వేలాడుతుంటే, ఆ బరువు ప్రతి కుట్టులోనూ సూదిని ఆ పక్కకి వంచుతూ ఉంటుంది. మిషన్ ఎడమ పక్కా వెనకా బల్లో మంచమో జరిపి, బొంతని దాని మీద గుట్టలా పోసుకుంటే చాలామందికి సగం కష్టం అప్పుడే తీరిపోతుంది. ఈ చిన్న సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల ఎన్నో మిషన్లు అనవసరంగా మెకానిక్ దగ్గరికి వెళ్తాయి.

చేతివేగం, మిషన్ వేగం కలవాలన్నది కూడా ఇక్కడి మాటే. మిషన్ మెల్లగా, చెయ్యి వేగంగా అయితే సూది గుడ్డలో ఉన్నప్పుడే ఎక్కువ లాగుడు పడుతుంది. మిషన్‌ని కొంచెం వేగంగా, ఒకే తీరున నడిపి, చేతిని నెమ్మదిగా కదపాలి. కాలితో తొక్కే మిషన్ మీద ఇది కష్టం. తొక్కుడు మధ్యలో తడబడిన చోటల్లా కుట్టు తడబడుతుంది. మోటారు ఉంటే నయం. మలుపుల దగ్గర, తీగ కొస దగ్గర చెయ్యి తెలియకుండానే విసురుతుంది. తప్పిన కుట్లు అక్కడే గుంపుగా ఉన్నాయంటే చెయ్యి నెమ్మదించాల్సిందే.

ఇలా ఏ వరసా లేకుండా, పలుచటి పోగు గుడ్డ మీద కూడా, ప్రతి నాలుగైదు కుట్లకీ ఒకటి తప్పుతుంటే అప్పుడు బొంతని అనాల్సిన పని లేదు. సూది, దారం, షటిల్ వైపు చూడాలి.

సూది

సూది ఖరీదు బొంతకి పెట్టే ఖర్చులో లెక్కలోకి రాదు. అయినా విరిగేదాకా సూది మార్చని ఇళ్ళు ఎక్కువ. మొన మొద్దుబారిన సూది గుడ్డని చీల్చుకుని దిగదు, నెట్టుకుని దిగుతుంది. లేచేటప్పుడు గుడ్డని పట్టుకుని లేస్తుంది. అంటే గుడ్డ ఎగరడాన్ని తనే పెంచుతుంది. ఎనిమిది గంటలు కుట్టాక మార్చమని చెప్పే లెక్క బొంతకి సరిగ్గా సరిపోతుంది. పెద్ద బొంత అయితే మొదలుపెట్టేటప్పుడు కొత్త సూది, సగంలో ఇంకోటి.

సూది వంగిందో లేదో కంటికి తెలియదు. ఇంటి మిషన్ సూది కాడకి ఒక పక్క చదును ఉంటుంది. ఆ చదును పక్కని అద్దం మీదో, ఫోన్ తెర మీదో ఆనించి, కళ్ళని ఆ మట్టానికి దించి చూడాలి. సూదికీ అద్దానికీ మధ్య సన్నటి వెలుతురు గీత కాడ నుంచి మొన దాకా ఒకే మందంలో కనిపిస్తే సూది తిన్నగా ఉంది. మొన దగ్గర గీత వెడల్పయినా, సన్నబడినా సూది వంగింది. తర్వాత మొనని గోరు మీద మెల్లగా గీస్తే, గీత పడిందంటే మొనలో ముల్లు లేచింది. రెండిట్లో ఏది ఉన్నా పారెయ్యాల్సిందే.

నంబరు సంగతి. సూది మీద 90/14 అని ఉంటే, 90 అంటే మందం 0.9 మిల్లీమీటర్లు, 14 దాని పాత నంబరు. 100/16 అంటే ఒక మిల్లీమీటరు. షాపులో 14, 16 అనే అడుగుతారు. ఇక్కడ ఒక లెక్క తెలిస్తే మేలు. కడ్డీ వంగకుండా నిలబడే శక్తి దాని మందంతోపాటు చాలా వేగంగా పెరుగుతుంది. మందం ఎంత రెట్లైతే శక్తి దానికి నాలుగో ఘాతం. ఆ లెక్కన 75/11 సూది నుంచి 90/14కి మారితే మందం ఐదో వంతే పెరుగుతుంది, బిగువు మాత్రం సుమారు రెట్టింపు అవుతుంది. 90 నుంచి 100కి వెళ్తే ఇంకో సగం కలుస్తుంది. గాడి, లొత్తు ఉండటం వల్ల ఈ లెక్క అక్షరాలా సరిపోకపోయినా తీరు అదే. తిప్పి కుట్టేటప్పుడు ఒక దిక్కున కుట్లు తప్పుతుంటే సూది ఒక నంబరు పెంచితే ఎందుకు బాగుపడుతుందో దీంతో తెలుస్తుంది. పలుచటి చీరలకి లావు సూది బెజ్జాలు మిగులుస్తుంది కాబట్టి 14తో మొదలుపెట్టి, అవసరమైతేనే 16కి వెళ్ళాలి. దొరికితే క్విల్టింగ్ సూది, లేదా పెద్ద కన్నం, లోతైన గాడి ఉన్న టాప్‌స్టిచ్ సూది వాడటం ఇంకా మంచిది. పాత టీ షర్టులతో బొంత కుట్టేవాళ్ళకి మాత్రం ఇవేవీ కాదు, అల్లిక గుడ్డకి తగిన స్ట్రెచ్ సూది కావాలి. సాగే గుడ్డ సూదితోపాటు సాగి లేస్తుంది, కుట్టు తప్పడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు.

సూది పెట్టడంలో పొరపాట్లు రెండు. పైకంటా నెట్టకుండా మర బిగించడం ఒకటి. సూది ఒక మిల్లీమీటరు కిందికి ఉన్నా షటిల్ ముక్కు లూపు దగ్గరికి కాక దానికి పైన ఎక్కడికో వెళ్తుంది. రెండోది తిప్పి పెట్టడం. షటిల్ ఏ పక్క ఉంటే లొత్తు ఆ పక్కకి, దారం ఎక్కించే పక్కకి గాడి రావాలి. ఈ ఒక్క గుర్తు ఏ మిషన్‌కైనా సరిపోతుంది. ఇంటి మిషన్ సూది, ఫ్యాక్టరీల్లో వాడే జుకీ మిషన్ సూది వేర్వేరు. పొడవు, కాడ లావు రెండూ తేడా. ఇంట్లో ఉన్నదేదో పెట్టి నడిపించాలని చూస్తే మొదటి కుట్టు నుంచే తప్పుతుంది.

దారం, జిగురు, నలక

కన్నానికి మించిన లావు దారం ఎక్కిస్తే లూపు సాగదు. దీనికి ఇంట్లో చేసే పరీక్ష బాగుంటుంది. మిషన్ నుంచి తీసిన సూదిలో జానెడున్నర దారం ఎక్కించి, రెండు చేతులా దారాన్ని ఏటవాలుగా పట్టుకోవాలి. సూది తనంతట తానే తిరుగుతూ కిందికి జారిపోవాలి. మధ్యలో ఆగితే ఆ దారానికి ఆ సూది చాలదు. పాత రీలు మీద ఎండిపోయిన దారం, పోగులు లేచిన చవక దారం కూడా కుట్టు తప్పిస్తాయి. చేతి ఎంబ్రాయిడరీ దారాన్ని మిషన్‌కి ఎక్కించకూడదు. మిషన్ దారానికి ఉండే పురి వేరు, అది విడిపోకుండా మిషన్ నడకని తట్టుకునేలా తిప్పి ఉంటుంది.

పొరలు అతకడానికి స్ప్రే గమ్ గాని, ఇస్త్రీతో అంటుకునే షీటు గాని వాడితే సూదికి జిగురు పడుతుంది. జిగురు పట్టిన సూది దగ్గర దారం జారదు, ఉబ్బదు. అరగంటకోసారి మిషన్ ఆపి, స్పిరిట్ తడిపిన గుడ్డతో సూదిని తుడిస్తే సరిపోతుంది. కొత్త గుడ్డ అయితే మిల్లులో పెట్టిన పూత పోయేలా ముందే ఉతికి ఆరేసుకోవాలి. ఇక దూది షీటు రాల్చే నలక షటిల్ గూట్లో చేరుతుంది. జాకెట్లు కుడితే నెలకి చేరే నలక బొంతకి ఒక్కరోజులో చేరుతుంది. రెండు మూడు బాబిన్లకోసారి షటిల్ విప్పి, బ్రష్‌తో తుడిచి, మిషన్ పుస్తకంలో నూనె వెయ్యమన్న చోట ఒక్క చుక్క వెయ్యాలి. అప్పుడే షటిల్ ముక్కుని వేలితో తడిమి చూడాలి. సూది ఎప్పుడైనా విరిగి తగిలితే ముక్కు మీద గరుకు గీత ఉంటుంది. ఆ గరుకు లూపులో దూరకుండా దారాన్ని నెట్టేస్తుంది.

టెన్షన్, టైమింగ్

టెన్షన్‌కి పూర్తిగా సంబంధం లేదని చెప్పడం కూడా తప్పే. పై దారం మరీ బిగిస్తే దారం సాగి సూదికి అతుక్కుంటుంది, లూపు చిన్నదవుతుంది. టెన్షన్ పక్కనున్న చిన్న స్ప్రింగు మరీ బిగుసుకుంటే లూపుకి కావాల్సిన దారాన్ని అదే లాగేసుకుంటుంది. కానీ ముందు చెయ్యాల్సింది మర తిప్పడం కాదు. ఫుట్ మీట పైకెత్తి, దారం మొత్తం తీసి, మొదటి నుంచి మళ్ళీ ఎక్కించాలి. మీట దించి ఉండగా ఎక్కించిన దారం టెన్షన్ పలకల మధ్యలోకి దిగదు, పైపైనే ఉండిపోతుంది. జాకెట్టుకి బాగున్న టెన్షన్ బొంతకి కొద్దిగా వదులు చెయ్యాల్సి రావొచ్చు. ఎందుకంటే ముడి బొంత మధ్య దూదిలో పడాలి. ఆ సవరణ కూడా తప్పిన కుట్లు ఆగాకే, మర మీద మొదటి స్థానం గుర్తు పెట్టుకుని, పావు చుట్టు చొప్పున.

టైమింగ్, అంటే సూదీ షటిల్ ముక్కూ సరైన క్షణంలో కలవడం, అన్నిటికన్నా చివర చూడాల్సింది. అది దానంతట అది మారదు. అతుకు మీద సూది బలంగా తగిలి విరిగినప్పుడో, చక్రం బిగుసుకుపోతే బలవంతంగా తిప్పినప్పుడో సూది కడ్డీ కాస్త పైకి జరుగుతుంది, లేదా షటిల్ కదులుతుంది. నిన్నటిదాకా బాగా నడిచి, సూది విరిగిన మరుక్షణం నుంచి అన్ని గుడ్డల మీదా కుట్టు తప్పుతుంటే అనుమానించాల్సింది దీన్నే. మూత తెరిచి చక్రం తిప్పినప్పుడు, సూది అడుగు నుంచి రెండు మిల్లీమీటర్లు లేచేసరికి షటిల్ ముక్కు కన్నానికి కొద్దిగా పైన, లొత్తు మధ్యకి రావాలి. కన్నానికి ఎదురుగానో, కిందనో వస్తే మెకానిక్ పని. మెకానిక్ దగ్గరికి వెళ్ళేటప్పుడు కుట్టు తప్పిన బొంత ముక్క, అదే దారం, అదే సూది పట్టుకెళ్ళాలి. లేకపోతే రెండు మడతల పాప్లిన్ మీద నాలుగు కుట్లు వేసి, బాగుందని పంపించేస్తారు. ఇంటికొచ్చి బొంత పెట్టగానే కథ మొదటికొస్తుంది. మూడు పొరలూ కలిపిన ఒక జానెడు ముక్కని ప్రతి బొంతకీ విడిగా కుట్టి ఉంచుకోవడం మంచి అలవాటు. సూది మార్చినా, దారం మార్చినా, ఫుట్ ఎత్తు మార్చినా ముందు దాని మీద చూసుకోవచ్చు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడు కలిపి మారిస్తే కుట్టు బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు.

ఇక అప్పటికే తప్పిపోయిన కుట్లు. వరసగా పది పదిహేను ఉంటే ఆ గీత విప్పి మళ్ళీ కుట్టాలి. విప్పేటప్పుడు కింద బాబిన్ దారాన్ని నాలుగైదు కుట్లకోచోట తెంపితే పై దారం ఒకే పోగుగా లేచి వస్తుంది, చీర చిరగదు. అక్కడక్కడా ఒకటి రెండే అయితే గీత మొత్తం విప్పడం దండగ. చేతి సూదిలో అదే రంగు దారం ఎక్కించి, రెండు మూడు అంగుళాల దూరం నుంచి దూదిలోకి దూర్చి, ఖాళీగా ఉన్న ఆ బెజ్జం దగ్గర పైకి తీసి, వదులుగా ఉన్న దారం మీదుగా చిన్న కుట్టు వేసి, మళ్ళీ అదే బెజ్జంలోకి దింపాలి. దారం కొసకి చిన్న ముడి వేసి, సున్నితంగా లాగితే ముడి పై పొరని దాటి దూదిలోకి జారిపోతుంది. మిగిలిన కొసని గుడ్డ మట్టానికి కత్తిరిస్తే కుట్టు తప్పిన చోటు కనిపించదు, ఉతికినా లేవదు.